తూకం మీద వంటగది

దేవుడికి ధరవరలు తెలుసా అన్న సందేహం కాటా బాబాయికి చాలా ఏళ్ళుగా ఉంది.

ఆరోగ్యం ఇమ్మని అడగొచ్చు. మంచి బుద్ధి ఇమ్మని అడగొచ్చు. అవి పెద్ద సరుకులు, దేవుడి దగ్గర ఎప్పుడూ నిలవుండేవి. కానీ కుళాయి మరమ్మతు చవగ్గా తెమలాలనో, సింకు మీద కొట్టువాడు ఇంకో రెండొందలు తగ్గించాలనో అడగొచ్చా? నక్షత్రాలను వాటి దారిన నడిపించేవాడు, "ఇంతకీ సింకు ఎంతలో వస్తుందేమిటి?" అని ఎదురడిగితే ఏం చెప్పాలి? సాయంత్రం స్నానం చేసి, కళ్ళు మూసుకుని చేతులు జోడించిన ప్రతిసారీ ఈ సందేహం వచ్చి గుమ్మంలో నిలబడేది. చివరికి "నీకు తెలియనిదేముంది" అని ముగించేవాడు. అందులో ధరలు కూడా కలిసిపోతాయని ఆయన ఆశ.

ఆయనకు వేరే పేరుంది గానీ అది సంతకానికే పనికొస్తుంది. ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం కాబట్టి వీధిలో అందరికీ ఆయన కాటా బాబాయి, ఆయన భార్య పిన్ని. మనకీ అంతే. లారీ నిండుగా వస్తే ఒక తూకం, ఖాళీగా వస్తే ఒక తూకం, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే సరుకు. లోకంలో ఏ చిక్కుముడైనా ఈ ఒక్క తీసివేతతో విడిపోతుందని బాబాయి నమ్మకం. విందులకు వెళ్ళే ముందూ, వచ్చిన తర్వాతా ఆయన కాటా ఎక్కుతాడని బావమరిది ఊరంతా చెబుతుంటాడు. అది అబద్ధం. ఒక్కసారే ఎక్కాడు.

ఆ ఇల్లు బాబాయి తాతగారి నాటిది. అందులో వంటగది మరీ పాతది. గట్టు మధ్యకి చీలింది. కుళాయి కారేది. గోడ టైల్సు ముసలివాళ్ళ పళ్ళలా ఒకటొకటిగా కదులుతుండేవి. ఇవన్నీ పిన్ని భరించింది. ఒకరోజు మాత్రం పొయ్యి ముందు నిలబడి, గరిటె తిప్పడం ఆపేసి, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ ఇలా అంది:

"మీ మొహం కంటే ఈ గోడనే ఎక్కువ చూశానండీ నేను."

"ఏమంటుందేమిటి గోడ?" అన్నాడు బాబాయి, పేపరు దించకుండా.

"అచ్చం మీలాగే. ఉలకదు, పలకదు."

బాబాయి పేపరు దించాడు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి పిన్ని నగలడగలేదు, షికార్లడగలేదు. ఇప్పుడడిగింది. "ఈ గోడకి నాకో కిటికీ కావాలి. కాస్త గాలి, కాస్త వెలుతురు, ఎవరైనా నడిచి వెళితే కనపడటం. అంతకంటే ఏమీ వద్దు."

బాబాయి కాగితం, పెన్సిలు తీసుకున్నాడు. ఎలాగూ కిటికీ పెడుతున్నాం కదా అని గట్టు, ఎలాగూ గట్టు తీస్తున్నాం కదా అని కుళాయి గొట్టాలు, ఎలాగూ గొట్టాలు మారుస్తున్నాం కదా అని టైల్సు, ఆ చేత్తోనే కొత్త అలమరలు. దాచుకున్న సొమ్ము లక్షన్నర ఉంది. దానికి సరిపెట్టాలని భార్యాభర్తలిద్దరూ నిర్ణయించుకున్నారు.

"ఏది తగ్గినా నాకభ్యంతరం లేదు," అంది పిన్ని. "కిటికీ మాత్రం తగ్గకూడదు."

మేస్త్రి వచ్చాడు. గోడకి చెవి ఆనించి వేళ్ళతో తట్టాడు. డాబా ఎక్కి వంగి చూశాడు. "వెనకింటికీ మనకీ మధ్య సందుంది బాబుగారూ. సన్నటిదే గానీ గాలికి ఢోకా లేదు. కిటికీ పెట్టొచ్చు. పాతవన్నీ పగలగొట్టి, మోసి, పారబోయడానికి గుత్తగా పన్నెండువేలివ్వండి."

గుత్త అన్న మాట వినగానే బాబాయి చెవులు నిక్కబొడుచుకున్నాయి. తూకం లేని బేరం ఆయన జన్మలో చెయ్యలేదు.

"గుత్తా గిత్తా నాకు పడవు. ఎంత పగలగొడితే అంతకే డబ్బు. టన్నుకి రెండువేలు. ట్రాక్టరులో వేసి మా కాటాకి తీసుకురా, తూచి ఇస్తా."

మేస్త్రి చేతిలోని టేపు చుట్టుకోవడం మరిచిపోయాడు. "పెచ్చుల్ని తూచి డబ్బిస్తారా బాబుగారూ?"

"తూచే ఇస్తా."

మేస్త్రి పిన్నికేసి చూశాడు. పిన్ని పైకప్పుకేసి చూసింది. "మీ ఇష్టం. ఇన్నాళ్ళ పనిలో నన్నెవరూ తూకానికి పిలవలేదు," అంటూ మేస్త్రి ఒప్పుకున్నాడు.

బాబాయి మనసులోనే లెక్క కట్టాడు. టైల్సు, గట్టు, కాస్త గచ్చు, అంతా కలిపి నాలుగు టన్నులు దాటదు. అంటే ఎనిమిదివేలు. నాలుగువేలు మిగిలినట్టే. ఆ సాయంత్రం చేతులు జోడించి, "ఈ ఒక్కటీ నీకు శ్రమ లేకుండా నేనే చక్కబెట్టుకున్నాను" అని దేవుడికి కూడా విన్నవించాడు. ధరలు తెలిసినవాడైతే సంతోషిస్తాడు, తెలియనివాడైతే నష్టం లేదు.

మర్నాడు పొయ్యి, గిన్నెలు, డబ్బాలు మెట్ల కిందకి చేరాయి. మేస్త్రి మనుషులు ఉలి పెట్టి కొట్టారు. నీలిపూల టైల్సు ఊడి పడ్డాయి. వాటి వెనక తెల్ల టైల్సు తాజాగా మెరుస్తూ కనిపించాయి.

"ఎవరు బాబుగారూ, టైల్సు మీద టైల్సు అంటించిన మహానుభావుడు?"

బాబాయి మెడ తడుముకున్నాడు. "అప్పట్లో ఎవరో..."

"ఎవరో ఏమిటండీ, మీరేగా!" మెట్ల కిందనుంచి పిన్ని అందుకుంది. "పాతవి తీయిస్తే కూలి దండగ, పైన కొత్తవి అంటిస్తే ఎవరికి తెలుస్తుంది అన్నారు. ఇదిగో, తెలిసింది."

తెల్ల టైల్సు బాబాయి తండ్రివి. వాటి వెనక తాతగారి సిమెంటు గచ్చు. గచ్చు వెనక వరసలుగా ఇటుకలు. ఆ ఇటుకల వెనక ఇంకెప్పటిదో పచ్చరంగు సున్నం. గట్టు పగలగొడితే కింద ఇంకో గట్టు. నేల తవ్వితే కింద ఇంకో నేల. ఆ వంశంలో ఎవరికీ ఏదీ తీసేసే అలవాటు లేదు. నచ్చనిదాని మీద నచ్చింది వేసుకుంటూ పోయారు. ఉద్యోగంలో తీసివేతతో బతికే మనిషి పుట్టింది అచ్చంగా కూడికల ఇంట్లో.

"ఇది గోడా, ఉల్లిపాయా బాబుగారూ?" అని నవ్వాడు మేస్త్రి, నుదురు తుడుచుకుంటూ. "ఒలిచేకొద్దీ వస్తోంది."

"కళ్ళనీళ్ళు కూడా వస్తున్నాయి," అన్నాడు బాబాయి. ఆయన మేస్త్రిలా నవ్వలేదు.

అప్పుడే సమయానికి దిగాడు బావమరిది. పిన్ని తమ్ముడు. మంచాల దుకాణం నడుపుతాడు. తన కొట్లో ఎవరికీ పైసా తగ్గించడు గానీ బయట సలహాలు మాత్రం ఉచితంగా పంచుతాడు. వంటగది గుమ్మంలో నిలబడి చూసి, "అబ్బో! బావా, మీ వంటగది మూరెడు పెరిగిందే. ఇంకో నాలుగు పొరలు ఒలిస్తే ఇక్కడే పెళ్ళి చేసుకోవచ్చు," అన్నాడు.

"నోరు మూసుకుని ఆ బకెట్టు అందుకో."

"నేను సలహాదారుణ్ణి బావా, కూలిమనిషిని కాదు."

మొదటి ట్రాక్టరు కాటా మీదకి వచ్చింది. ఖాళీ తూకం పొద్దున్నే అయిపోయింది, ఇప్పుడు నిండు తూకం. డ్రైవరు సీటులో దర్జాగా కూర్చునే ఉన్నాడు. బాబాయి గదిలోంచి బయటకి వచ్చాడు.

"దిగు నాయనా. పొద్దున ఖాళీ బండి తూచినప్పుడు దిగే ఉన్నావు. ఇప్పుడెక్కి కూర్చుంటే నిన్ను కూడా పెచ్చుల కింద కొనుక్కోవాలి నేను."

డ్రైవరు ఇకిలించుకుంటూ దిగాడు. బాబాయి అంతటితో వదల్లేదు. పొద్దున బండిలో లేని మంచినీళ్ళ క్యాను దింపించాడు. అన్నం డబ్బా దింపించాడు. పార దింపించాడు. చివరికి డ్రైవరు, "చెప్పులు కూడా విప్పాలా?" అని అడిగాడు. బాబాయి ఒక్క క్షణం ఆలోచించి, వద్దన్నాడు.

కాటా మీద ఎర్ర అంకెలు వెలిగాయి. రెండు టన్నుల నూటపది కిలోలు. ఇది మొదటి ట్రాక్టరు. వంటగదిలో ఇంకా ఒక్క గోడ మాత్రమే ఒలిచారు.

రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. నాలుగో ట్రాక్టరుకి బాబాయి ఎర్ర అంకెలకేసి ఒక్కసారి మాత్రం చూసి, పక్కనున్న చెట్టుకేసి చూపు తిప్పుకుని రాసుకున్నాడు. ఆ సాయంత్రం మెట్ల కింద గిన్నెల మధ్య ఇరుక్కుని అన్నం తింటుంటే బావమరిది గొంతు తగ్గించాడు.

"బావా, కాటా ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలో."

"అంకెలు రాసేదెవరు?"

"నేనే."

"మరింకేం! ట్రాక్టరుకి ఓ రెండొందల కిలోలు మరిచిపో. మనిషన్నాక మరుపుంటుంది."

బాబాయి ముద్ద కంచంలో పెట్టేశాడు. "పైన దేవుడున్నాడురా."

"ఆయనకి ధరలు తెలుసో లేదో అని నువ్వే కదా ఇన్నాళ్ళూ నసిగావు?"

"ధరలు తెలుసో లేదో నాకు తెలీదు. తూకం మాత్రం తెలుసు," అన్నాడు బాబాయి. పిన్ని ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

నిజాయితీకి కూర దొరికింది గానీ డబ్బు దొరకలేదు. పెచ్చుల లెక్క ఎనిమిదివేలు దాటి, పదహారు దాటి, ఇరవై నాలుగు దాటింది. రాత్రి భోజనాలయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని పద్దు కత్తిరించడం మొదలుపెట్టారు.

"అలమరలు వద్దులెండి," అంది పిన్ని. "డబ్బాలు బల్లమీద పెట్టుకుంటాను."

మర్నాడు, "పొగ లాగే చిమ్నీ ఎందుకు? కిటికీ ఉంటుందిగా," అంది.

ఆ మర్నాడు, "టైల్సేం చేసుకుంటాం? సున్నం కొట్టించండి, చల్లగా ఉంటుంది," అంది.

ఆవిడ ఒక్కొక్కటీ తీసి ఇస్తుంటే బాబాయి పద్దులో ఒక్కొక్కటే కొట్టేశాడు. నదిలో పడవ మునుగుతుంటే సామానంతా ఒక్కొక్కటిగా నీళ్ళలో పడేసి, ఒక్క మూట మాత్రం ఒళ్ళో గట్టిగా పట్టుకున్న మనిషిలా ఉంది పిన్ని. ఆ మూటే కిటికీ. దానికి చెక్క చట్రం, తలుపులు, పైన దూలం, కూలి కలిపి పాతికవేలవుతుందని మేస్త్రి చెప్పాడు. ఆ పాతికవేలు ఆవిడ ఒక విడి సంచిలో పెట్టి, సంచి మూతి రెండుసార్లు ముడేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు వాన పడింది.

రెండు ట్రాక్టర్లకు సరిపడా పెచ్చులు ఇంటి ముందు గుట్టగా పోసి ఉన్నాయి. కాటా గదిలో కూర్చుని వాన చూస్తున్న బాబాయికి ఒక్కో చినుకూ కిలోల్లో కనిపించింది. ఖర్చు తడిసి మోపెడవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. వాన ఆపమని దేవుణ్ణి అడుగుదామని చేతులు జోడించబోయాడు. ఇంతలో రోడ్డవతల పొలంలో ఒక రైతు తల మీద గుడ్డ కూడా వేసుకోకుండా, ఆకాశంకేసి మొహం పెట్టి నవ్వుతూ కనిపించాడు. బాబాయి చేతులు దించేసుకున్నాడు. పోనీ మా వీధి ఒక్కటీ వదిలేసి కురిపించమందామనుకున్నాడు. వీధి గుర్తులు కూడా చెప్పాల్సివస్తుందేమోనని ఊరుకున్నాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి, "ఎవరూ ముట్టుకోవద్దు! ఆరిందాకా తూచేది లేదు!" అని ప్రకటించాడు.

మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఎండబెట్టి తూస్తారా? ఇవేం ధాన్యమా బాబుగారూ?"

"నీళ్ళకి నేను డబ్బివ్వను."

"మరి ఆరిందాకా మా మనుషులు ఖాళీగా కూర్చుంటే వాళ్ళ కూలి?"

ఆ ప్రశ్నకి తీసివేత పనిచేయలేదు. మర్నాడు ఎండ కాసింది. ఇటుక ముక్కలు, పెచ్చులు వీధి పొడుగునా పట్టాల మీద పరిచారు. పిన్ని ఒక కర్రతో వాటిని ఇటూ అటూ తిరగేసింది. బావమరిది ఇంట్లోంచి తీగ లాగి బల్లఫ్యాను పెట్టాడు. సలహాదారుడు చేసిన మొదటి పని అదే.

దారిన పోయే ఒకావిడ ఆగింది. "ఏం పిన్నీ, ఏం ఎండబెడుతున్నారు?"

"మా వంటగదమ్మా," అంది పిన్ని, కర్ర ఆపకుండా.

పెచ్చులు ఆరాయి. నీళ్ళ బరువు పోయింది. ఆ బరువుకి సరిగ్గా సరిపడా, కూర్చున్నందుకు కూలి వచ్చి చేరింది. "కొండను తవ్వి ఎలుకను పట్టావు బావా. ఆ ఎలుక కూడా నీ జేబే కొరికింది," అన్నాడు బావమరిది.

చివరి ట్రాక్టరు వెళ్ళేసరికి మొత్తం పద్దెనిమిది టన్నులైంది. పన్నెండువేల గుత్త బేరాన్ని కాలదన్నుకున్నందుకు ముప్ఫై ఆరువేలు. గట్టుకీ, గొట్టాలకీ, ఒలిచిన గోడలకీ నేలకీ కొత్త పూతకీ, సున్నానికీ పోగా పిన్ని సంచిలో పాతికవేలూ మాత్రం అలాగే ఉన్నాయి. ఇక మిగిలింది కిటికీయే అనుకున్నారు.

మేస్త్రి కిటికీ పెట్టాల్సిన చోట సుద్దముక్కతో గీత గీసి, సమ్మెటతో ఒక దెబ్బ కొట్టి, ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు. డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"బాబుగారూ, ఇక్కడ లోపల బోలుగా ఉంది. ఇది అసలు గోడ కాదు, మళ్ళీ పొరే. దీంట్లో కిటికీ కోస్తే మొత్తం నెత్తిన పడుతుంది. ఇది తీసి, గోడ కొత్తగా కట్టి, అప్పుడు కిటికీ పెట్టాలి."

"ఎంతవుతుంది?"

మేస్త్రి పిన్ని చేతిలోని సంచికేసి చూసి తల దించుకున్నాడు. ఎంతవుతుందో అందరికీ తెలిసిపోయింది.

పిన్ని బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. "పోనివ్వండి. కిటికీ లేకపోతే ప్రాణం పోతుందా ఏమిటి? ఇన్నేళ్ళూ ఈ గోడతోనే కాపురం చేశాను. ఇప్పుడు విడాకులెందుకు?" అంది. నవ్వుతూనే అంది గానీ, సంచి మూతికేసిన ముడి రెండు చేతులతోనూ విప్పుకుంటోంది.

ఆ ముడి విప్పుకోవడం చూడలేకపోయాడు బాబాయి. గబగబా లుంగీ ఎగగట్టి, మేస్త్రి చేతిలోంచి సమ్మెట లాక్కున్నాడు.

"నేను కొడితే కూలి లేదు. నా ఇంటి ఇటుకలు నా ఇంట్లోనే పేర్చుకుంటా, తూకమూ లేదు. తప్పుకోండి."

"బావా, నీకు అలవాటు లేదు. వీపు పట్టేస్తుంది," అన్నాడు బావమరిది.

"పట్టనీ."

మేస్త్రికి ఇది తన వృత్తికే అవమానమనిపించింది గానీ, చూడ్డానికి సరదాగా కూడా ఉండటంతో ఇసుక బస్తా మీద కూర్చున్నాడు. బాబాయి కళ్ళు మూసుకుని, "నీకు తెలియనిదేముంది" అనుకుని, బలంగా ఒక్కటిచ్చాడు. ఏమీ కాలేదు. రెండోది ఇచ్చాడు. ఆయన నడుం కిర్రుమంది. మూడోదానికి రెండు ఇటుకలు లోపలికి జారి, అవతలెక్కడో గిన్నెల మీద పడినట్టు పెద్ద చప్పుడైంది.

తర్వాత గోడలోంచి గొంతు వినిపించింది.

"ఎవడ్రా అది? దొంగవైతే తిన్నగా గుమ్మంలోంచి రా! గోడలెందుకు పాడుచేస్తావు?"

బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, నీ గోడ పలికింది."

దుమ్ము కాస్త సర్దుకున్నాక కంతలోంచి ముందు ఒక గరిటె బయటకొచ్చింది. దాని వెనక ఒక తెల్లటి తల, ముక్కు చివరకి జారిన కళ్ళజోడు. వెనకింటి మామ్మ. ఆవిడ ఇంటి గుమ్మం అవతలి వీధిలో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే బజారంతా చుట్టి రావాలి. పైనుంచి చూస్తే రెండిళ్ళ మధ్య సందే. కింద మాత్రం రెండు వంటగదులూ ఒకే గోడకి వీపులానించుకుని ఉన్నాయి. అందుకే ఇన్నాళ్ళూ ఇంత దగ్గరగా బతికి కూడా మొహాలు చూసుకోలేదు.

"క్షమించండి మామ్మగారూ," అన్నాడు బాబాయి, సమ్మెట వెనక్కి దాచుకుంటూ. "మేము ఈ ఇంటివాళ్ళమే. కిటికీ పెడదామని..."

"పెట్టడమేమిటి, ఉన్నదేగా! నేను కాపురానికొచ్చేనాటికే ఉంది. మీవాళ్ళే పూడ్చారు."

మేస్త్రి ఇసుక బస్తా మీదనుంచి లేచి కంత చుట్టూ చేత్తో తడిమాడు. మొహం వెలిగిపోయింది. "నిజమే బాబుగారూ! పైన రాతి దూలముంది. పక్కల చెక్క చట్రముంది. చెక్కు చెదరలేదు! బోలు ఇందుకే. మధ్యలో పూడ్చిన ఇటుకలు తీస్తే చాలు, గోడ కట్టక్కర్లేదు. పాతికవేలేమిటి, అందులో సగం కూడా పట్టదు!"

పిన్ని అప్పటికే బకెట్టు మీదనుంచి లేచి కంత దగ్గరకి చేరింది. మామ్మ వంటగదికి అటువైపు పెద్ద కిటికీ ఉంది. దాని అవతల పెరడు, పెరట్లో ఒక జామచెట్టు. ఆ వెలుతురంతా మామ్మ భుజం మీదుగా వచ్చి పిన్ని మొహాన పడింది. పిన్ని కళ్ళు చికిలించుకుని, అలాగే నిలబడిపోయింది.

"ఏం వండుతున్నారు మామ్మగారూ?" అని అడిగింది, ఇంకేం అడగాలో తోచక.

"వండుతుంటే మీ ఇటుకలు వచ్చి పడ్డాయి. ఇక దాన్నేమంటారో నువ్వే చెప్పు."

పిన్ని పకపకా నవ్వింది. మామ్మ కూడా నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆపుకుంది. బాబాయి వైపు గరిటె చూపించింది.

"ఏమబ్బాయ్, నీ వైపు గోడ నీది, పగలగొట్టుకున్నావు. నా వైపుది నాది. మళ్ళీ మూసెయ్యమంటాను. ఏం చేస్తావు?"

పిన్ని రెండు చేతులూ కంత అంచు మీద వేసి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు మామ్మగారూ? మావల్ల ఏం తప్పు జరిగింది?"

"నీ వల్ల కాదమ్మాయ్. ఈయన వాళ్ళమ్మ వల్ల." మామ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "నేనప్పుడు కొత్తకోడలిని. చుట్టాలొచ్చారంటూ వాళ్ళమ్మ ఈ కిటికీలోంచే పంచదార అడిగింది. నా గిన్నెతో, శిఖరం లేచేలా పోసి ఇచ్చాను. వారం పోయాక తిరిగిచ్చింది. ఎలా ఇచ్చిందనుకున్నావు? అంచుకి సమంగా! కత్తితో గీసినట్టు! మా అత్తగారు చూసి, అప్పివ్వడం కూడా చేతకాదా అని నన్ను చెడామడా కడిగేసింది. అదేమిటని వాళ్ళమ్మనడిగితే, 'గిన్నెడు తీసుకున్నాను, గిన్నెడు ఇచ్చాను' అంది. మాటా మాటా పెరిగింది. మర్నాటికల్లా ఈయన తాత ఇటుకలు దింపించాడు."

"ఓ శిఖరం కోసమా!" అన్నాడు బావమరిది.

"శిఖరం కోసం కాదు నాయనా, ఆ మాట కోసం," అంది మామ్మ.

అందరూ బాబాయికేసి చూశారు. ఆయన సమ్మెట నేల మీద ఆనించి ఆలోచనలో పడ్డాడు. అమ్మ పోయి చాలాకాలమైంది. పోయినావిడ మీద తక్కువ తూకం నేరం మోపడానికి కొడుక్కి నోరెలా వస్తుంది? గిన్నెడుకి గిన్నెడు సరే అనేస్తే అమ్మ మాట నిలుస్తుంది, కిటికీ పోతుంది. కానీ కిటికీ సంగతి అలా ఉంచినా, ఇన్నేళ్ళుగా ఎందరి లారీలో తూచిన మనిషి. అంచు పైన ఉన్నది సరుకు కాదని ఏ నోటితో అంటాడు? దాంతోపాటు ఇంకో సంగతి కూడా ఆయనకి మింగుడు పడలేదు. గుప్పెడు పంచదార వసూలుకి దేవుడు పద్దెనిమిది టన్నుల గోడ పగలగొట్టించడం, ధరలు తెలిసినవాడెవడైనా చేసే పనేనా?

మనసులో అమ్మకి ఒక నమస్కారం పెట్టుకుని తలెత్తాడు.

"మా వైపే తక్కువుంది మామ్మగారూ. నిండు తూకానికీ, ఇచ్చినదానికీ తేడా శిఖరం. అది మీకు రావలసిందే."

మామ్మ గరిటె దించింది. ఇలా ఒప్పుకుంటాడని అనుకోలేదేమో, చేత్తో ముక్కు తుడుచుకుంది.

"వడ్డీ కూడా కలుపు బావా," అన్నాడు బావమరిది. "ఇన్నేళ్ళకి శిఖరం కాస్తా కొండయి ఉంటుంది."

"వడ్డీలు తీసుకోవడానికి నేనేం షావుకారునా?" అని కసిరింది మామ్మ. "శిఖరం ఇవ్వండి చాలు. ఇచ్చి, మీ కిటికీ మీరు పెట్టుకోండి. నా వైపు కూడా సున్నం కొట్టించండి, ఈ కంత చూస్తే నాకే సిగ్గుగా ఉంది."

"అమ్మగారి సంచిలో మిగిలేదాంట్లో అది కూడా తేలిపోతుంది," అన్నాడు మేస్త్రి. "గుత్తకే ఇవ్వాలి మరి. ఇంక తూకాల జోలికి నేను రాను."

"గుత్తకే," అన్నాడు బాబాయి బుద్ధిగా.

మామ్మ లోపలికి వెళ్ళి, తన డబ్బాలోంచే గిన్నె నిండా పంచదార పోసి, అంచుకి సమంగా గీసి తెచ్చింది. ఆనాడు తనకి తిరిగొచ్చినట్టే, సరిగ్గా అంతే. కంతలోంచి రెండు చేతులతో చాపింది. పిన్ని మెట్ల కిందకి పరుగెత్తి పంచదార డబ్బా తెచ్చింది. బాబాయి తూకంరాళ్ళ కోసం వెతకలేదు. సమ్మెట గోడకి ఆనించి, పక్కకి తప్పుకుని భార్యకి చోటిచ్చాడు.

పిన్ని చెంచాతో మొదలుపెట్టి, మధ్యలో చెంచా పక్కన పెట్టి గుప్పిటతో పోసింది. పంచదార గిన్నె మధ్యలో తెల్లగా లేచింది. ఇంకొంచెం లేచింది. ఇక నిలవలేక పక్కలకి జారడం మొదలయ్యాక, మామ్మ "చాలు" అంది. గిన్నెను ఒలకకుండా తన వైపుకి తీసుకుంటుంటే కొన్ని పలుకులు ఇటుక మీద రాలాయి. మామ్మ ఆగి, వాటిని కూడా వేలితో అద్దుకుని శిఖరం మీద దులిపింది.

"ఇప్పుడు సరిపోయింది," అంది.